ఇద్దరు ఉపాధ్యాయులు, ఐదు తరగతులు: ప్రాథమిక పాఠశాల బోధనా ప్రణాళికను ఎలా ఎంచుకోవాలి?

జూన్ రెండో వారంలో బడి తెరవగానే ప్రధానోపాధ్యాయులు ముందుగా రాయవలసింది వార్షిక ప్రణాళిక. చాలా బడుల్లో అది నిరుటి పుస్తకం చూసి సంవత్సరం మాత్రం మార్చి రాసుకునే కాగితంగానే మిగిలిపోతోంది. నిజానికి ఆ కాగితం వెనుక ఒక ఎంపిక ఉంది. ఏడాది పనిని దేని చుట్టూ అల్లుకోవాలి? పాఠ్యపుస్తకంలోని పాఠాల వరుస చుట్టూనా, నీరు, ఆహారం వంటి ఇతివృత్తాల చుట్టూనా, పిల్లలు ఇవాళ ఉన్న స్థాయి చుట్టూనా, లేక ఎవరి వేగంతో వారు ఎక్కే అభ్యసన నిచ్చెన చుట్టూనా? ఈ నాలుగింటినీ మన ప్రాంతంలోనో పొరుగు రాష్ట్రాల్లోనో ఏళ్ల తరబడి ఆచరించి చూసినవారు ఉన్నారు. ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను, చిన్న ప్రైవేటు బడుల నిర్వాహకులను ఉద్దేశించినది. తల్లిదండ్రులకు పనికొచ్చే రెండు మాటలు చివర్లో ఉన్నాయి.

## ముందు లెక్క, తర్వాత పద్ధతి

శిక్షణ తరగతుల్లో చర్చ సాధారణంగా ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నతో మొదలవుతుంది. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మన బడిలో ఏది సాధ్యమన్నది మొదటిది, దానికి జవాబు సిద్ధాంతంలో కాదు, కూడికలో దొరుకుతుంది.

విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలని కూడా అదే చట్టం చెబుతోంది. ఇప్పుడు సబ్జెక్టులు లెక్కపెడదాం. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, గణితం, ఇంగ్లీషు కలిపి మూడేసి, మూడు నుంచి ఐదు వరకు పరిసరాల విజ్ఞానం కూడా చేరి నాలుగేసి, మొత్తం 18. ఒక్కోదానికి రోజుకు ఒక్క పీరియడ్ ఇచ్చినా 18 పీరియడ్లు కావాలి. ఇద్దరు ఉపాధ్యాయులు రోజుకు ఎనిమిదేసి పీరియడ్లు ఊపిరి తిప్పుకోకుండా చెప్పినా వచ్చేవి 16. ఆ పదహారునూ ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి రోజుకు మూడు పీరియడ్లకు మించి ఉపాధ్యాయుడు దక్కడు. మిగిలిన ఐదు పీరియడ్లు పిల్లలు ఎక్కాలు వల్లెవేస్తూనో, చూచిరాత రాస్తూనో, పక్క తరగతి పాఠం వింటూనో గడపాలి. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ హాజరు, చుట్టుపక్కల బడులన్నీ కలిసే కాంప్లెక్స్ సమావేశం, ఒకరు సెలవు పెట్టిన రోజు, ఇవేవీ ఇందులో కలపలేదు.

కాబట్టి ఏ ప్రణాళికనైనా పరీక్షించవలసిన మొదటి గీటురాయి ఇది: ఉపాధ్యాయుడు తమ వైపు లేని సమయంలో పిల్లలు ఏం చేయాలో అందులో రాసి ఉందా, లేదా? దీని తర్వాత మరో నాలుగు విషయాలు చూసుకోవాలి.

ఒకే తరగతిలోని పిల్లల మధ్య ఎంత ఎడం ఉంది? నాలుగో తరగతిలో కథ చదివి సొంత మాటల్లో చెప్పగలిగే పిల్ల పక్కనే గుణింతాలు కూడా పట్టుబడని పిల్లవాడు కూర్చుని ఉంటే, ఒకే పాఠం ఇద్దరికీ సరిపోదు. హాజరు ఎలా ఉంది? కర్నూలు పశ్చిమ మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు, పాలమూరు నుంచి పనుల కోసం నగరాలకు వెళ్లే కుటుంబాల పిల్లలు నెలల తరబడి బడికి దూరమవుతారు. వారు తిరిగి వచ్చిన రోజున ప్రణాళికలో వారికి చోటు ఉండాలి. పరీక్ష ఎక్కడి నుంచి వస్తుంది? ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక (బోధన నడుస్తుండగా చూసే), రెండు సంగ్రహణాత్మక (కొన్ని నెలల చదువును కలిపి చూసే) మూల్యాంకనాలు తరగతివారీ సిలబస్‌ను బట్టి జరుగుతున్నంత కాలం ఏ కొత్త పద్ధతీ వాటిని మరచి నడవలేదు. చివరిగా, బదిలీ అయితే ఏమవుతుంది? ఒక ఉపాధ్యాయిని ఉత్సాహంతో ఎంతో శ్రమపడి కట్టుకున్న ప్రణాళిక ఆమె వెళ్లిన నెలలోనే అటక ఎక్కితే, దాన్ని ఆ బడి ప్రణాళిక అనలేం.

## ఒక్క చూపులో

| గీటురాయి | పాఠ్యపుస్తక వరుస | ఇతివృత్తాలు | స్థాయి బృందాలు | అభ్యసన నిచ్చెన |
|---|---|---|---|---|
| ఇద్దరే ఉపాధ్యాయులుంటే | కష్టం | పరిసరాల విజ్ఞానానికి బాగా కుదురుతుంది | భాషకు, గణితానికి కుదురుతుంది | దీనికోసమే పుట్టింది |
| స్థాయిల మధ్య ఎడం | పట్టించుకోదు | కొంత సర్దుకుంటుంది | దీని బలమే అది | పూర్తిగా సర్దుకుంటుంది |
| వలస, గైర్హాజరు | వెనకబడినవారు వెనకే | ఇతివృత్తం మారినప్పుడు చేరవచ్చు | తిరిగి పరీక్షించి చేర్చవచ్చు | ఆగిన మెట్టు నుంచే మొదలు |
| సన్నాహానికి పట్టే సమయం | తక్కువ | చాలా ఎక్కువ | మధ్యస్థం | మొదట చాలా ఎక్కువ, తర్వాత తక్కువ |
| తరగతి పరీక్షలతో పొత్తు | పూర్తిగా | పాక్షికం | తక్కువ | తక్కువ |
| ఉపాధ్యాయులు మారితే | నిలుస్తుంది | సాధారణంగా నిలవదు | శిక్షణ ఉంటే నిలుస్తుంది | కార్డులు మిగులుతాయి, పద్ధతి మిగలకపోవచ్చు |

పట్టిక చూసి మార్కులు కూడి ఎంచుకునే వ్యవహారం కాదిది. మీ బడిలో ఏ గీటురాయి మిగతావాటిని మింగేస్తుందో ముందు గుర్తించాలి.

## పాఠ్యపుస్తక వరుస

అందరికీ తెలిసిన దారి ఇది. పుస్తకంలోని పాఠాలను నెలలకు పంచి, పాఠానికి యూనిట్ ప్లాను, రోజుకు పీరియడ్ ప్లాను రాసుకుని ముందుకు సాగడం. దీన్ని చిన్నచూపు చూడటం ఈమధ్య ఒక అలవాటైపోయింది, అది న్యాయం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో విద్యాప్రణాళిక పరిధి పత్రం–2011 వచ్చిన తర్వాత రూపొందిన పుస్తకాల్లో ప్రతి తెలుగు పాఠం వెనుకా వినడం–ఆలోచించి మాట్లాడడం, స్వీయరచన, సృజనాత్మకత, ప్రశంస వంటి శీర్షికల కింద ఆలోచించి కూర్చిన పని ఉంది. లోపం ఎక్కువగా ఆ పనిని దాటవేయడంలో ఉంది. పాఠం చదివి వినిపించి, ప్రశ్నలకు జవాబులు నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత ఎక్కించి, సిలబస్ పూర్తయిందని డైరీలో రాసేస్తే స్వీయరచన అన్న శీర్షిక కింద పిల్లవాడి నోటుపుస్తకంలో ఉండేది గురువుగారి రచనే.

తరగతికొక ఉపాధ్యాయుడు ఉండి, పిల్లల స్థాయిలు దగ్గరదగ్గరగా ఉన్న బడికి ఈ దారి చాలు. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఇది ఊతకర్ర కూడా. పిల్లలు బడి మారినా ఇబ్బంది లేదు, ఎందుకంటే పక్క ఊళ్లోనూ నవంబరులో దాదాపు అదే పాఠం నడుస్తూ ఉంటుంది. దీనికి చెల్లించే మూల్యం ఒక్కటే, కానీ పెద్దది. రెండో తరగతిలో ఒత్తులు పట్టుబడని పిల్లవాడికి మూడో తరగతి పుస్తకం ఆగదు, నాలుగోదీ ఆగదు. పుస్తకం ముందుకు పోతుంది, అతను అక్కడే ఉండిపోతాడు.

## ఇతివృత్తాల చుట్టూ

జాతీయ విద్యాప్రణాళిక చట్రం–2005 బడి చదువును బడి బయటి బతుకుతో కలపాలని చెప్పింది. ఆ ఆలోచనతోనే జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు రూపొందించే ఎన్‌సీఈఆర్‌టీ పరిసరాల అధ్యయనాన్ని కుటుంబం–స్నేహితులు, ఆహారం, నీరు, నివాసం, ప్రయాణం, మనం చేసే పనులు–వస్తువులు అనే ఆరు ఇతివృత్తాలుగా కూర్చింది. అవే ఇతివృత్తాలు మూడు నుంచి ఐదో తరగతి వరకు లోతు పెరుగుతూ మళ్లీ మళ్లీ వచ్చేలా అమర్చింది కాబట్టి మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టిన బడికి ఇది వరం.

ఉదాహరణకు ఊరి చెరువును తీసుకోండి. ఒక నెలపాటు మూడు తరగతులూ దాని మీదే పనిచేస్తాయి. మూడో తరగతి పిల్లలు చెరువుకు వెళ్లే దారి పటం గీసి, అక్కడ కనిపించే పక్షులు, చేపలు, గడ్డి పేర్లు రాస్తారు. నాలుగో తరగతివారు ఇంట్లో రోజుకు ఎన్ని బిందెల నీళ్లు వాడుతున్నారో, బిందెకు ఎన్ని లీటర్లో కొలిచి పట్టిక వేస్తారు. ఐదో తరగతివారు తూము, అలుగు, కట్ట ఎలా పనిచేస్తాయో నీరటికారును అడిగి తెలుసుకుని, చెరువు ఎండిన ఏళ్లలో ఏం జరిగిందో పెద్దలను అడిగి రాస్తారు. తెలంగాణ పల్లెల్లో అయితే 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తమ చెరువులో పూడిక తీశారా అన్న ప్రశ్న కూడా సహజంగా వస్తుంది. ముగ్గురికీ ఉపాధ్యాయుడు ఒకేసారి మాట్లాడగలడు, తర్వాత ఎవరి పని వారికి ఉంటుంది.

అయితే ఇతివృత్తాల మోజులో గణితాన్ని కూడా అందులోకి లాగడం నాకు నచ్చదు. చెరువు నుంచి కొలతలు వస్తాయి, పట్టికలు వస్తాయి. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకుని తీసివేయడం మాత్రం రాదు. చేపల బొమ్మల పక్కన తీసివేత లెక్కలు వేసినంత మాత్రాన అది సమగ్ర బోధన కాదు. గణితానికి తనదైన వరుస ఉంది, ఒక మెట్టు తప్పితే పై మెట్టు నిలవదు. అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకునే తొలి దశా అంతే.

మరో చిక్కు సన్నాహం. మంచి ఇతివృత్తం కట్టడానికి వారాల పని పడుతుంది, ఆ పని ఎక్కువగా ఒక్కరి తలలోనే ఉంటుంది. చిన్న బడులకు ఇక్కడ ఒక తేలిక దారి ఉంది. నాలుగు, ఐదు తరగతులను కలిపి రెండేళ్ల చక్రంగా బోధించడం, అంటే ఈ ఏడాది ఇద్దరికీ నాలుగో తరగతి పరిసరాల విజ్ఞానం, వచ్చే ఏడాది ఇద్దరికీ ఐదో తరగతిది. రెండేళ్లలో ప్రతి పిల్లా రెండూ చదువుతుంది, ఉపాధ్యాయుడికి పాఠాలు సగమవుతాయి. తరగతివారీ పరీక్షతో ఇది పొసగదు కాబట్టి మండల విద్యాశాఖాధికారితో ముందే మాట్లాడుకోవాలి. నడుమలో బడి మారే పిల్లలకు ఒక ఏడాది పాఠాలు రెండుసార్లు రావచ్చు, లేదా అసలు రాకపోవచ్చు.

## స్థాయిని బట్టి బృందాలు

ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్ల తరబడి పెంచి పోషించిన పద్ధతి ఇది. మూడు నుంచి ఐదో తరగతి పిల్లలను తరగతిని బట్టి కాక, చదవగలిగినదాన్ని బట్టి అక్షరం, పదం, పేరా, కథ అనే స్థాయిల్లో కూర్చోబెడతారు, గణితంలోనూ అంతే. ఒక్కొక్కరితో కొద్ది నిమిషాలు కూర్చుని చదివిస్తే స్థాయి తెలిసిపోతుంది. రోజుకు గంట, రెండు గంటలు ఈ బృందాల్లో పని, కొన్ని వారాలకొకసారి మళ్లీ పరీక్షించి బృందాలు మార్చడం.

తెలుగుకు వచ్చేసరికి ఈ స్థాయిలను మన లిపికి తగినట్టు చీల్చుకోవాలి. సరళ పదాలు, గుణింతాలున్న పదాలు, ద్విత్వాక్షరాలు, సంయుక్తాక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి నిజమైన మెట్లు. 'పలక' చదివేవాడు 'పిల్లి' దగ్గర, 'పిల్లి' చదివేవాడు 'పుస్తకం' దగ్గర ఆగిపోవడం మన గదుల్లో రోజూ చూసేదే. తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు, కేంద్రం 2021 జూలైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ కూడా ఈ పునాదుల మీదే దృష్టి పెట్టినవి. నిపుణ్ భారత్ పెట్టుకున్న గడువు 2026–27.

ఈ పద్ధతి గురించి పరిశోధనలు చెప్పిన మాటల్లో చాలామంది మరచిపోయేది ఒకటుంది. కొత్త సామగ్రి, శిక్షణ ఇచ్చి మామూలు పీరియడ్లలో వాడుకోమని వదిలేసిన చోట ఫలితం పెద్దగా రాలేదు. హర్యానాలో ఇందుకోసమే రోజూ ఒక సమయం కేటాయించి, పిల్లలను తరగతులు కలిపి స్థాయిల్లో కూర్చోబెట్టి, పైనుంచి పర్యవేక్షణ కూడా ఉన్నప్పుడు చదవడం మెరుగుపడింది. కాబట్టి గంట కొట్టి బృందాలు మార్చే సమయం టైంటేబుల్లో లేకపోతే ఈ పద్ధతి మీ బడిలో లేనట్టే.

మూల్యం సంగతి. ఐదో తరగతి చదివే పొడుగాటి పిల్లవాణ్ని మూడో తరగతి పిల్లల మధ్య అక్షర బృందంలో కూర్చోబెట్టడం అతనికి నామోషీ. తమిళనాడులో 2022లో మొదలైన 'ఎణ్ణుం ఎళుత్తుం' పథకంలో బృందాలకు అరుంబు, మొట్టు, మలర్ అని పూవు విరిసే దశల పేర్లు పెట్టారు. మనమూ అలా పెట్టుకోవచ్చు, అయితే పేరు మార్చినంత మాత్రాన పిల్లలకు తెలియకుండా పోదు. ఆ బృందం నుంచి త్వరగా పైకి కదలడమే అసలు మందు. రెండోది, ఈ పద్ధతి చదవడానికి, లెక్కకు మాత్రమే. పరిసరాల విజ్ఞానం, బొమ్మలు, ఆటలు, పాటలు దీని బయట ఉంటాయి. రోజంతా దీనికే ఇచ్చేస్తే పేరా చదవగలిగి, చదవడానికి ఆసక్తికరమైనదేదీ దొరకని పిల్లలు తయారవుతారు.

## అభ్యసన నిచ్చెన

మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో, చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం పుట్టిన పద్ధతి ఇది. మన తెలుగు నేల మీద పుట్టి పొరుగు రాష్ట్రాల్లో మనకంటే ఎక్కువ పేరు తెచ్చుకుంది. ఏడాది పాఠ్యాంశాన్ని చిన్నచిన్న మైలురాళ్లుగా విడగొట్టి, ఒక్కో మైలురాయికి పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం, వెనకబడితే సవరణ, ముందుంటే అదనపు పని అనే వరుసలో కార్డులు తయారుచేస్తారు. కార్డు మీది గుర్తు చూసి పిల్లవాడు తన కార్డును తానే తీసుకుంటాడు, గోడమీది నిచ్చెన చూసి తాను ఎక్కడున్నదీ తెలుసుకుంటాడు. రెండు నెలలు వలస వెళ్లి వచ్చిన పిల్ల ఆగిన మెట్టు దగ్గర నుంచే మొదలుపెడుతుంది. ఆ రెండు నెలల్లో తరగతి ఎంత దూరం పోయిందన్న బెంగ ఆమెకు అక్కర్లేదు. ఈ ఒక్క గుణంలో మిగతా మూడూ దీనికి సాటిరావు.

రిషీవ్యాలీ బడులు చూసి వెళ్లిన ఉపాధ్యాయుల చొరవతో 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో నలి–కలి అనే ఇదే తరహా కార్డుల పద్ధతి మొదలైంది. 2009–10 నాటికి కర్ణాటక ప్రభుత్వం దాన్ని కన్నడ మాధ్యమ బడుల్లో చిన్న తరగతులకు విస్తరించింది. ఇదే బాటలో చెన్నై కార్పొరేషన్ బడుల్లో 2003లో మొదలైన కృత్యాధార బోధన నాలుగైదేళ్లలో తమిళనాడు అంతటికీ పాకింది. అంత వేగంగా పాకినప్పుడు వచ్చే తెగుళ్లు కూడా వెంటే వచ్చాయి. కార్డులు చిరిగాయి, పోయాయి. పుస్తకం మారినప్పుడు కార్డులు మారలేదు. నిచ్చెన మీద పిల్లవాడు ఎక్కడున్నాడో గుర్తులు వేయడమే పనిగా మారిన గదుల్లో ఉపాధ్యాయుడు గుమాస్తా అయ్యాడు.

నేను గమనించిన మరో లోటు, ఎవరి కార్డు వారిదైన గదిలో మాట తగ్గిపోతుంది. అందరూ కలిసి ఒక కథ వినడం, పొడుపుకథ విప్పడం, ఒకరి జవాబును మరొకరు కాదనడం ఉండవు. ఈ దారిలోకి దిగేవారు రోజులో ఒక గంటైనా కార్డులు మూసేసి అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకోవాలి. ఐదేళ్లపాటు అదే ఇద్దరు ఉపాధ్యాయులు ఉంటారన్న భరోసా, కార్డులు తిరగరాయడానికి వేసవిలో రెండు వారాల ఓపిక లేకపోతే మొదలుపెట్టకపోవడమే మంచిది. సగం కార్డులున్న నిచ్చెన కంటే పూర్తి పాఠ్యపుస్తకం నయం.

## ఎవరికి ఏది

ఇద్దరు ఉపాధ్యాయుల ప్రభుత్వ బడి. ఒక్క పద్ధతితో రోజంతా గడపాలని చూడకండి. ఉదయం రెండు గంటలు మూడు నుంచి ఐదు తరగతులకు స్థాయి బృందాల్లో తెలుగు, గణితం ఒకరు చూసుకుంటే, మరొకరు ఒకటి, రెండు తరగతులను పూర్తిగా తమ చేతిలో ఉంచుకోవాలి. ఆ చిన్న తరగతుల నుంచి ఉపాధ్యాయుణ్ని లాగి పెద్ద తరగతులకు ఇవ్వడం మన బడులు చేసే అతి ఖరీదైన పొరపాటు, ఎందుకంటే మూడో తరగతిలో స్థాయి బృందాల అవసరం పుట్టేది అక్కడే. మధ్యాహ్నం పరిసరాల విజ్ఞానం ఇతివృత్తాలుగా మూడు తరగతులకు కలిపి. పుస్తకంలోని భాషా పాఠాలను, ఇంగ్లీషును మిగిలిన పీరియడ్లలో నడుపుతూ, పరీక్షకు ముందు వారం తరగతివారీగా పునశ్చరణ చేయించవచ్చు. అక్షర బృందంలోని పిల్లలకు తరగతి ప్రశ్నపత్రంలో మార్కులు వెంటనే రావు. అందుకే జూన్ నాటి స్థాయి, నవంబరు నాటి స్థాయి పక్కపక్కన చూపే పట్టిక ఉంటే తనిఖీకి వచ్చినవారితో మాట్లాడటం సులువు.

తరగతికొక ఉపాధ్యాయుడున్న బడి. పుస్తక వరుసనే ఉంచుకుని, వారానికి నాలుగు రోజులు ఒక ఉమ్మడి గంట పెట్టి ఆ గంటలో మాత్రం పిల్లలను స్థాయిల్లోకి మార్చండి. ఐదుగురు ఉపాధ్యాయులు, ఐదు బృందాలు. ఇంత చక్కని అమరిక రెండు గదుల బడికి కలలో కూడా దొరకదు.

గిరిజన ప్రాంతపు బడి. ఇక్కడ పద్ధతి కంటే ముందు భాష. ఇంట్లో కోయ, సవర, కువి మాట్లాడే పిల్లకు తెలుగు అక్షరం రెండు కొత్త విషయాలను ఒకేసారి మోసుకొస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, కొలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది ఇందుకే. మొదటి ఏడాది మాట, పాట, కథ ఇంటి భాషలో నడిచే ఇతివృత్తాలకు పెద్దపీట వేసి, అక్షరాల నిచ్చెనను నెమ్మదిగా ఆనించాలి.

చిన్న ప్రైవేటు బడి. రోజువారీ పాఠాలతో సహా సిద్ధంగా వచ్చే ప్యాకేజీ కొనాలన్న ఒత్తిడి మీకు ఉంటుంది. ఉపాధ్యాయులు తరచూ మారే బడికి అది కొంత మేలే, కొత్తవారు మర్నాటి నుంచే పాఠం చెప్పగలరు. కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఒకరోజు పాఠం సగం మంది పిల్లలకు అర్థం కాకపోతే మర్నాడు ఏం చేయాలో ఆ పుస్తకంలో ఎక్కడ ఉంది? చాలా ప్యాకేజీల్లో ఆ పేజీ ఉండదు.

తల్లిదండ్రులు. బడి ఏ పద్ధతి పాటిస్తుందని అడిగితే అందమైన పేర్లు వినిపిస్తాయి. దానికి బదులు మీ పిల్లవాడి నోటుపుస్తకాన్ని, పక్క పిల్లవాడి నోటుపుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. తప్పులతో సహా రెండూ అచ్చు ఒకేలా ఉంటే అక్కడ నడుస్తున్నది నల్లబల్ల నుంచి ఎక్కించడమే.

## నడుమలో మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, కానీ పద్ధతి మార్పుకు రెండే మంచి సమయాలు ఉన్నాయి. జూన్‌లో మొదటి రెండు వారాలు స్థాయి చూసుకుని ప్రణాళిక వేయడం ఒకటి. దసరా సెలవుల తర్వాత మళ్లీ స్థాయి చూసి, కదలని పిల్లలెవరో గుర్తించి బృందాలనో సమయాలనో సవరించడం రెండోది. సంక్రాంతి తర్వాత కొత్త పద్ధతి తెచ్చిపెట్టడం దండగ. అప్పటికి మిగిలింది మూడు నెలలే. ఏ దారి ఎంచుకున్నా పిల్లల స్థాయిల పట్టిక, బృందాల పేర్లు, ఏ ఇతివృత్తం ఏ నెలలో ముగిసింది, రెండేళ్ల చక్రంలో ఇది ఎన్నో ఏడు అన్న వివరాలు ఒక రిజిస్టరులో బడి బీరువాలో ఉండాలి. బదిలీ ఉత్తర్వు అందుకున్న ఉపాధ్యాయులు తమ సంచితో పాటు దాన్ని తీసుకెళ్లకుండా చూసుకోవలసింది ప్రధానోపాధ్యాయులే.